ఆపితేనే అర్థమయ్యే పాఠం

కాటారం మండలంలో ప్రభుత్వ బడిలో చేరిన పిల్లలకు ఇంగ్లిష్ రెండు విధాలుగా ఎదురవుతుంది. అది నేర్చుకోవాల్సిన భాష. లెక్కలు, సైన్సు, సాంఘికం చదవాల్సిన భాషా అదే. ఇంట్లో ఎవరూ మాట్లాడని, అంగట్లో వినపడని భాషలో చదువు సాగాలంటే ముందు ఆ భాష చెవిన పడాలి. చెవిన పడే దారుల్లో ఇప్పుడు అన్నిటికన్నా చవకైనది, చేతికి అందేది వీడియో. తరగతి గోడకు బిగించిన తెర మీదనో, సారు ఫోన్లోనో, ఇంటి టీవీలోనో ఏదో ఒక ఇంగ్లిష్ పాఠం రోజూ నడుస్తూనే ఉంటుంది. అందులో ఎంత పిల్లల నోటికి ఎక్కుతుంది, ఎంత చూసినంతసేపే ఉండి పోతుంది అనేది తేలేది తెర పక్కన నిలబడ్డ టీచరు దాన్ని ఎక్కడ ఆపారు, ఆపి ఏం అడిగారు అన్నదాన్ని బట్టి. వీడియోలు పెరిగిన కొద్దీ టీచరు పని తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లిష్ విషయంలో జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా కాటారం కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఆ పేరులోని ఆచార్య కొత్తపల్లి జయశంకర్‌ను తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తగానే ఎక్కువమంది తలుచుకుంటారు కానీ, ఆయన జీవితమంతా చదువు చెప్పడంలో, విద్యాసంస్థలను నడపడంలో గడిచింది. కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి కాకముందు ఆయన హైదరాబాద్‌లోని సీఫెల్‌లో రిజిస్ట్రారుగా పనిచేశారు. దేశంలో ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు తర్ఫీదు ఇవ్వడానికి 1958లో పుట్టిన సంస్థ అది. 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఒక అధ్యాపకుడి పేరు మీద ఉన్న జిల్లాలో, ఆయన పనిచేసిన సంస్థ ఏ ప్రశ్న కోసం పుట్టిందో అదే ప్రశ్న ఈనాటికీ ప్రతి బడిలో వినిపిస్తోంది: ఇంగ్లిష్ చుట్టుపక్కల ఎక్కడా వినపడని చోట పిల్లలకు ఇంగ్లిష్ ఎలా నేర్పాలి?

కాటారం మంథని శాసనసభ నియోజకవర్గంలోకి వస్తుంది. 1957 నుంచి 1977 దాకా అక్కడి నుంచి ఎన్నికైన పి.వి. నరసింహారావు అనేక భాషలు నేర్చిన మనిషి. 1971లో నల్లగొండ ప్రాంతంలోని సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల తెరవడం వెనుక ఉన్నదీ ఆయనే. ఈ ప్రాంతానికి పరాయి భాషలో చదువు కొత్తేమీ కాదు. నిజాం కాలంలో చదువుకున్న తాతల తరానికి బడి భాష ఉర్దూ. గోదావరి దాటితే మహారాష్ట్ర, మరాఠీ. అడవిని ఆనుకున్న గూడేల్లో కోయ మాట్లాడే ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు బడిలో చెప్పే తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాష తానే నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలో వాచకాలు తయారు చేసింది ఇలాంటి చిక్కు చూసే. పిల్లల భాష టీచరు ముందు నేర్చుకోవాలి అన్న ఆయన పద్ధతి, వీడియో పాఠం చెప్పే ఈ కాలపు టీచరుకూ పనికొస్తుంది.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురుగా ఒక పేజీ ఇంగ్లిష్‌గా అచ్చయ్యాయి. ఈ ఎదురెదురు పేజీల ఏర్పాటు మంచిదే. అయితే పుస్తకం శబ్దం చేయదు. ఒక పేజీలో అర్థం, ఎదుటి పేజీలో అక్షరం దొరికినా, ఆ అక్షరం నోట ఎలా పలుకుతుందో, ఎంత వేగంతో, ఏ మాట మీద ఊనికతో వస్తుందో వినిపించడానికి ఒక గొంతు కావాలి. మొదటి గొంతు టీచరుది. రెండోది వీడియోది.

బడి పిల్లలకు తెర మీద పాఠం చూపించడం తెలుగునాట అర్ధ శతాబ్దం నాటి ముచ్చట. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా నడిచిన సైట్ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ కార్యక్రమాల భాషల్లో తెలుగు ఒకటి. ఊరి మధ్య ఉమ్మడి టీవీ పెట్టె, పైకప్పు మీద జల్లెడలాంటి తీగల యాంటెన్నా. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అదే ఏడాది ఉపగ్రహం ద్వారానే వేలాది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. పిల్లలకు తెర చూపించాలంటే ముందు టీచరును సిద్ధం చేయాలని ఆనాటి వాళ్లకు తెలుసు. తర్వాత వచ్చిన చాలా పథకాల్లో పెట్టెలు బడికి చేరాయి, శిక్షణ వెనకపడింది.

1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం మొదలుపెట్టింది. దానికి వీడియోలు తయారు చేసిన కేంద్రాల్లో సీఫెల్‌లోనిది ఒకటి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువుల కోసమే ఎడ్యుశాట్ ఎగిరింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పిన మన టీవీ, తెలంగాణ వచ్చాక టీ-శాట్ అయింది. నిపుణ, విద్య అని దానికి రెండు చానళ్లు. 2017 సెప్టెంబరు 5న ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష ఆరంభమయ్యాక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. పాఠం పక్కనున్న నలుపు తెలుపు గళ్ల చతురస్రానికి ఫోను చూపిస్తే ఆ పాఠం వీడియో తెరుచుకుంటుంది. ఉన్నత పాఠశాలలకు మొదట ప్రొజెక్టర్లు, తర్వాత వేలితో తాకితే పనిచేసే పెద్ద ప్యానెళ్లు అందాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, 2020 ఒక ఎత్తు. కరోనాతో బడులు మూతపడ్డాక, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇంటి పిల్లలను పక్కింట్లోనో పంచాయతీ ఆఫీసులోనో కూర్చోబెట్టారు. అప్పుడు టీచర్లు ఇంటింటికీ తిరిగి వర్క్‌షీట్లు ఇచ్చారు, దిద్దారు, చూడని పిల్లలను వెతికి పట్టుకుని చూపించారు. పాఠం ఉపగ్రహం నుంచి వచ్చినా, అది పిల్లలకు చేరిందా లేదా తెలుసుకోవడానికి ఒక మనిషి గడప దాకా నడవాల్సి వచ్చింది. బడులు తిరిగి తెరిచాక పిల్లలతో మాట్లాడిన ఏ టీచరును అడిగినా ఒకే సంగతి చెబుతారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లంతా పాఠం విన్నవాళ్లు కారు.

ఎందుకు కారో ఒక పాత ప్రయోగం చెబుతుంది. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, సహచరులు కలిసి 2003లో ప్రచురించిన పరిశోధన అది. ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న తొమ్మిది నెలల పసివాళ్లకు చైనావాళ్ల మాండరిన్ వినిపించారు. ఒక జట్టు పిల్లలతో మాండరిన్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడుతూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడారు. ఇంకో జట్టుకు అదే మనిషిని, అవే మాటలను టీవీలో చూపించారు. పన్నెండు విడతలు, ఒక్కోటి 25 నిమిషాలు. చివరికి పరీక్షిస్తే, మనిషితో గడిపిన పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాను పసిగట్టారు. టీవీ చూసిన పిల్లలు అసలు మాండరిన్ వినని పిల్లలతో సమానంగానే ఉన్నారు. పసివాళ్ల సంగతి బడి పిల్లలకు యథాతథంగా వర్తించదు. పదేళ్ల పిల్లలు వీడియో నుంచి కొంత నేర్చుకోగలరు. కానీ భాష విషయంలో ఎదుటి మనిషి కళ్లలోకి చూడటం, మారు పలకడం, తప్పితే మళ్లీ చెప్పించుకోవడం అనేవాటి విలువ ఏ వయసులోనూ పోదు.

తెలుగు పిల్లలకు ఇంగ్లిష్‌లో ఎక్కడెక్కడ కాలు మడతపడుతుందో చూస్తే వీడియో దేనికి పనికొస్తుందో తేటగా తెలుస్తుంది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుకే మన నోట ఇంగ్లిష్ మాటలు బస్సు, బుక్కు, పెన్ను అయ్యాయి. తెలుగులో అది సహజం, ముచ్చటగానూ ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ప్రతి మాటకూ ఒక ఉకారం తగిలితే వినేవాళ్లకు మాటల హద్దులు చెరిగిపోతాయి. సకారం ముందు ఇకారం చేరి స్కూల్ ఇస్కూల్ అవుతుంది. ఎగ్ యెగ్గు అవుతుంది. ఆ ఎకారం ముందు యకారం చేరడం పిల్లల తప్పు కాదు, తెలుగు నోటి అలవాటు.

చొక్కా లోపల తొడుక్కునే వెస్ట్, పడమటి దిక్కు వెస్ట్ – తెలుగు అక్షరాల్లో రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో వేరు. మొదటిదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. రెండోదానికి పళ్ల పని లేదు, పెదవులు రెండూ సున్నాలా గుండ్రమై విచ్చుకోవాలి. ఈ తేడా చెవికి చిక్కడం కష్టం, కంటికి సులువు. మాట్లాడే మనిషి నోటిని దగ్గరగా చూపించే ఇరవై సెకన్ల వీడియోను సగం వేగంతో నడిపిస్తే ఆఖరి బెంచీ పిల్లలకూ కనిపిస్తుంది. ఆ తర్వాత టీచరు తరగతిలో తిరుగుతూ ఒక్కొక్కరి పెదవులు చూడాలి. ఇద్దరేసి పిల్లలు ఎదురెదురుగా కూర్చుని ఒకరి నోరు ఒకరు గమనించుకున్నా సరిపోతుంది. నవ్వులతో పది నిమిషాలు గడుస్తాయి, తేడా నోటికి పడుతుంది. అద్దం ఉంటే ఇంకా మేలు. ఇక్కడ వీడియో చేసింది చూపించడం వరకే. సరిచేసింది టీచరు.

వాక్యం దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెద్దది. తెలుగులో క్రియ చివరన కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో కర్త పక్కనే వచ్చేస్తుంది. మనకు బల్ల ముందు, మీద తర్వాత. వాళ్లకు ఆన్ ముందు, టేబుల్ తర్వాత. ఎ, ద లాంటి చిన్న మాటలకు తెలుగులో సాటి లేదు కాబట్టి పిల్లలు వాటిని వదిలేస్తారు, లేదా భయంతో అన్నిచోట్లా పెడతారు. ‘నువ్వు ఎక్కడికి పోతున్నవ్?’ అనే ప్రశ్నను ‘వేర్ యూ ఆర్ గోయింగ్?’ అంటారు. వీటిని వ్యాకరణ సూత్రంగా చెబితే నోటుపుస్తకంలో ఉండిపోతాయి. కదిలే బొమ్మ పక్కన వందసార్లు విన్న వాక్యం మాత్రం ఏ సూత్రం గుర్తు లేకపోయినా నోట సరిగ్గా వస్తుంది. పిల్లి బల్ల కింద దూరడం, బల్ల ఎక్కడం, బల్ల వెనక దాక్కోవడం చూస్తూ అండర్, ఆన్, బిహైండ్ వింటే మళ్లీ తెలుగులో అర్థం రాయించే పని ఉండదు.

ఇక పాఠం ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. ఆరో తరగతి అనుకుందాం. వీడియో కోసం అమెరికా కార్టూన్ వెతకనక్కర్లేదు. కాటారం చౌరస్తాలో కాళేశ్వరం పోయే బస్సు ఆగినప్పుడు ఫోన్‌తో తీసిన రెండు నిమిషాల దృశ్యం చాలు. అవ్వ మూటతో బస్సు ఎక్కుతుంది, కండక్టరు చేయి అందిస్తాడు, ఒక పిల్లవాడు కిటికీలోంచి చూస్తుంటాడు, ఇద్దరు పరుగెత్తుకుంటూ వస్తారు, బస్సు కదులుతుంది. మనుషులను వీడియో తీసేటప్పుడు అడిగి తీయాలి, పిల్లల ముఖాలు బయట ఎక్కడా పెట్టకూడదు. ఈ రెండు జాగ్రత్తలు తీసుకుంటే పాఠం సరుకు ఊళ్లోనే దొరుకుతుంది.

మొదటిసారి శబ్దం లేకుండా చూపించాలి. ఏం కనిపించింది అని అడిగితే పిల్లలు తెలుగులోనే చెబుతారు: ‘అవ్వ బస్ ఎక్కుతాంది టీచర్!’ చెప్పనివ్వాలి. ‘యెస్, షి ఈజ్ గెటింగ్ ఆన్ ద బస్’ అని టీచరు అదే మాటను ఇంగ్లిష్‌లో తిరిగి అందిస్తారు. పిల్లవాడి తెలుగు తప్పు అనలేదు, ఇంగ్లిష్‌లో చెప్పు అని గద్దించలేదు. వాడు చెప్పదలచుకున్న మాటకే ఇంగ్లిష్ రూపం వాడి ముందు పెట్టారు. తను చెప్పాలనుకున్న మాట కాబట్టి వాడు దాన్ని పట్టుకుంటాడు.

రెండోసారి వీడియోను అవ్వ మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతుండగా ఆపాలి. ఇప్పుడు ఏం జరగబోతోంది? ‘షి ఈజ్ గోయింగ్ టు గెట్ ఆన్ ద బస్.’ మళ్లీ నడిపి, కాలు మెట్టు మీద ఉండగా ఆపాలి. ‘షి ఈజ్ గెటింగ్ ఆన్.’ లోపలికి పోయాక ఆపాలి. ‘షి గాట్ ఆన్.’ మూడు కాలాలు, ఒకే అవ్వ, మూడుసార్లు ఆగిన బొమ్మ. కాలాల పట్టిక బోర్డు మీద గీసి వారం పాటు బట్టీ పట్టించినా ఇంత తేటగా పడదు. మూడోసారి బొమ్మ మీద బట్ట కప్పి, శబ్దం మాత్రమే వినిపించి, ఎవరు ఏం చేస్తున్నారో చెప్పమనాలి. నాలుగోసారి శబ్దం తీసేసి పిల్లలతోనే వ్యాఖ్యానం చెప్పించాలి. క్రికెట్ కామెంటరీ విన్న పిల్లలు దీనికి ఎగబడతారు. ఒకడు కండక్టరవుతాడు, ఒకతి అవ్వ అవుతుంది, బెంచీ బస్సవుతుంది.

రెండు నిమిషాల వీడియోతో ఒక పీరియడ్ అయిపోయింది. అందులో తెర వెలిగి ఉన్నది ఎనిమిది, పది నిమిషాలకు మించదు. మిగతా సమయమంతా పిల్లల నోళ్లు కదిలాయి. దీనికి భిన్నంగా నలభై నిమిషాల వీడియోను మొదటి నుంచి చివరిదాకా నడిపించే తరగతిలో మాట్లాడేది తెర ఒక్కటే. అలాంటి తరగతి నిశ్శబ్దంగా, పద్ధతిగా కనిపిస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు నచ్చుతుంది కూడా. ఇంగ్లిష్ మాత్రం రాదు.

నిడివి గురించి పరిశోధన ఉంది. ఫిలిప్ గువో, సహచరులు 2014లో ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి, ఆరు నిమిషాలు దాటిన వీడియోల్లో చూసేవాళ్ల ధ్యాస త్వరగా పడిపోతుందని గమనించారు. అవి పెద్దవాళ్లు ఇష్టపడి చేరిన కోర్సులు. పదేళ్ల పిల్లలకు రెండు మూడు నిమిషాలే హద్దు అనుకోవడం తెలివైన పని.

వీడియో కింద వచ్చే అక్షరాల (సబ్‌టైటిళ్ల) సంగతి ఇంకా ఆసక్తికరం. ఇంగ్లిష్ వీడియోకు తెలుగు అక్షరాలు పెడితే కథ అర్థమవుతుంది, చెవి మాత్రం పనిచేయడం మానేస్తుంది. కళ్లు తెలుగు చదువుతుంటే ఇంగ్లిష్ వినపడీ వినపడనట్టే పోతుంది. నెదర్లాండ్స్‌లో మిటరర్, మెక్‌క్వీన్ 2009లో దీన్ని పరీక్షించారు. అలవాటు లేని యాసలో ఇంగ్లిష్ మాట్లాడే దృశ్యాలు డచ్ వాళ్లకు చూపించి, కొందరికి ఇంగ్లిష్ అక్షరాలు, కొందరికి డచ్ అక్షరాలు పెట్టారు. ఇంగ్లిష్ అక్షరాలు చూసినవాళ్లకు ఆ యాస బాగా పట్టుబడింది. సొంత భాష అక్షరాలు చూసినవాళ్లకు అవి అడ్డమే అయ్యాయి. మన దేశంలో సినిమా పాటలకు పాట భాషలోనే అక్షరాలు వేసి చదవడం అలవాటు చేయాలన్న ఆలోచనను బ్రిజ్ కొఠారి అహ్మదాబాద్ ఐఐఎంలో 1996లో మొదలుపెట్టారు. విన్న మాట, చదివిన మాట ఒకటైనప్పుడు రెండూ బలపడతాయన్నదే దాని సూత్రం. అయితే ఇంగ్లిష్ అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్న మూడో తరగతి పిల్లలకు ఏ అక్షరాలూ లేని బొమ్మే మంచిది. కథ మరీ చిక్కుగా ఉంటే, టీచరు ముందుగా తెలుగులో రెండు ముక్కల్లో చెప్పేసి వీడియో పెట్టడం మేలు.

యాస విషయంలో ఒక అపోహను వదిలించుకోవాలి. అమెరికా గొంతు, బ్రిటన్ గొంతు ఉంటేనే అసలు ఇంగ్లిష్ అనుకునేవాళ్లు చాలామంది. తెలుగువాళ్లు తీరుగా, తడబడకుండా మాట్లాడే ఇంగ్లిష్ పిల్లలకు తొలి నమూనాగా ఎంతో మేలు. టీ-శాట్ పాఠాల్లో తమలాంటి మనిషే ఇంగ్లిష్ మాట్లాడటం చూసిన పిల్లకు ఇది తనకూ వస్తుంది అనిపిస్తుంది. విదేశీ గొంతులు తర్వాత వినిపించవచ్చు, వినిపించాలి కూడా.

ఈ పాఠానికి ముందు టీచరు చేసే పని ఎవరికీ కనిపించదు. రెండు నిమిషాల వీడియో దొరకడానికి ముందు పనికిరానివి ఎన్నో చూడాలి. ఒకదాంట్లో వేగం ఎక్కువ, ఒకదాంట్లో మధ్యలో ప్రకటనలు, ఒకదాంట్లో మంచు పడుతున్న ఊళ్లు, ఎన్నడూ చూడని పండ్లు. బడిలో సిగ్నల్ ఉంటుందో ఉండదో తెలియదు కాబట్టి రాత్రే ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. కరెంటు పోతే ఏం చెప్పాలో అదీ సిద్ధం చేసుకోవాలి. ఎక్కడ ఆపాలో సెకన్లతో సహా కాగితం మీద రాసుకోవాలి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో అయితే ఒకే గదిలో ఐదు తరగతులు. అక్కడ ఒక మూల రెండో తరగతికి వీడియో పెట్టి, ఇంకో మూల నాలుగో తరగతికి లెక్కలు చెప్పడం తప్పనిసరి అవుతుంది. అలాంటి చోట వీడియో నిజంగా ఆసరా. కానీ ఆపి అడిగే మనిషి లేనప్పుడు అది పిల్లలను కూర్చోబెట్టే పనికే దిగిపోతుంది. ఆ తప్పు టీచరుది కాదు. ప్రాథమిక స్థాయిలో 60 మంది దాకా పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. ఊరు చిన్నదై పిల్లలు తగ్గిన కొద్దీ మాత్రం ఒక్కరితోనే సరిపెట్టే పరిస్థితి వస్తుంది.

మరో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఈనాడు ఇంగ్లిష్ మీడియం చెబుతున్న టీచర్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఏళ్ల తరబడి తెలుగులో సైన్సు, సాంఘికం చెప్పి, నడి వయసులో భాష మార్చుకున్నారు. రేపు చెప్పాల్సిన పాఠాన్ని రాత్రి ఫోన్‌లో ఇంగ్లిష్‌లో వింటూ, పలుకుబడి సరిచూసుకుంటూ, కొత్త మాటలు రాసుకుంటూ కూర్చునే టీచరుకు ఆ వీడియో ముందు తనకే పాఠం. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ‘ఈ మాట ఎట్ల పలుకుతరో నాకూ అనుమానమే, విందాం’ అని పిల్లల ముందు అనగలిగిన టీచరు దగ్గర పిల్లలు తప్పు మాట్లాడటానికి భయపడరు. భాష నేర్చుకునేవాళ్లకు అంతకన్నా కావలసినది లేదు.

ఇంత పని చేసే టీచరుకు దక్కే గౌరవం సంగతీ చూడాలి. గురువును గౌరవించుకోవడం తెలుగునాట పాత అలవాటు. దసరాకు పిల్లలు విల్లంబులు, పూలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పద్యాలు పాడి, అయ్యవారికి కానుకలు, తమకు పప్పుబెల్లాలు తెచ్చుకునే ఆచారం ఉండేది. అది నిజానికి జీతంలో భాగం. ఊరు ఇస్తేనే పంతులుకు పూట గడిచేది. బతకలేక బడిపంతులు అన్న సామెత పుట్టిందీ ఆ పరిస్థితిలోనే. ఇప్పుడు జీతాలు మారాయి, సామెత మాత్రం ఇంకా కొందరి నోట ఆడుతూనే ఉంది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు సెప్టెంబరు 5ను 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. రాష్ట్రపతి కావడానికి ఎంతో ముందు, 1931 నుంచి 1936 దాకా ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి. ఉత్తమ ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లోనే మొదలయ్యాయి. ఉపాధ్యాయుల స్థాయి, హక్కుల గురించి 1966లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసులకు గుర్తుగా 1994 నుంచి అక్టోబరు 5 ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం. సావిత్రిబాయి ఫూలే జయంతి జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది.

శాలువా కప్పడం, దండ వేయడం, ఫొటో దిగడం బాగానే ఉంటాయి. పురస్కారాల్లో మాత్రం కంటికి కనిపించే పనికే ఎక్కువ చోటు దొరుకుతుంది: ఫలితాల శాతం, కొత్త గది, రంగులు వేసిన గోడలు. వీడియోను సరైన చోట ఆపి మంచి ప్రశ్న అడిగినందుకు సన్మానం పొందినవాళ్లు అరుదు. అది చూడాలంటే తరగతిలో కూర్చుని చూడాలి. సాటి టీచర్లు ఒకరి తరగతి ఒకరు చూడటం, పనికొచ్చిన వీడియోను, అది ఎక్కడ ఆపాలో రాసుకున్న కాగితంతో సహా పక్క బడికి పంపడం ఏ పురస్కారానికీ తీసిపోని మెప్పు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో వివరాల పట్టికలు నింపడానికి పోయే సమయంలో సగం దీనికి ఇచ్చినా చాలు.

సమయం ఇవ్వడమే అన్నిటికన్నా పెద్ద మెప్పు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప టీచర్లకు చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదు. ఆ మినహాయింపుల జాబితా చిన్నదే. యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, ఒకే వివరాన్ని నాలుగు చోట్ల నింపడం అందులో లేవు. అవి పేరుకు చదువు పనులే. పాఠం సిద్ధం చేసుకోవాల్సిన గంటను తినేవీ అవే.

తల్లిదండ్రుల వంతు కూడా ఉంది, దానికి వాళ్లకు ఇంగ్లిష్ రావాల్సిన పని లేదు. పత్తి చేను నుంచి, మిర్చి తోట నుంచి పొద్దుపోయి వచ్చిన అమ్మానాన్నలు ఫోన్ ఇచ్చి, ఏం చూస్తున్నారో కాసేపు పక్కన కూర్చుని చూడవచ్చు. ఒకే చిన్న వీడియోను మూడు రోజులు చూడనివ్వాలి. రోజుకో కొత్తది కంటే అదే మేలు, పిల్లలకు చూసిందే మళ్లీ చూడటం ఇష్టం కూడా. చూశాక కథను తెలుగులోనో కోయలోనో చెప్పమనాలి. చెప్పగలిగితే అర్థమైనట్టు. అందులో ఇంగ్లిష్ మాటలు నాలుగు దొర్లితే అవి నోటికి ఎక్కినట్టు. ఒక వీడియో అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలయ్యే ఏర్పాటును ఫోన్‌లో ఆపేయాలి, లేకపోతే పాఠంతో మొదలైన సాయంత్రం ఎక్కడ తేలుతుందో చెప్పలేం. ఇంటికి ఒకే ఫోన్ ఉన్నచోట ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చూడటం నష్టం కాదు. మధ్యలో ఒకరు ఆపి, ఇప్పుడేమంటడు చెప్పు అని ఇంకొకరిని అడుగుతారు. మర్నాడు బడిలో టీచరు అడిగే మొదటి ప్రశ్న ఆ వీడియో మీదే ఉంటే, దాన్ని చివరిదాకా చూసి రావడానికి పిల్లలకు ఒక కారణం ఉంటుంది.